తెగిన చోట

దేవుని వాక్యం చదివేకొద్దీ విశ్వాసం లోతుకు దిగుతుందని పెద్దలంటారు. కథ సగంలో తెగిపోయిన పుస్తకపు ఆకునే ఏళ్ల తరబడి చదివిన మనిషికి అది ఏ లోతుకు దిగుతుంది? లీస్బెత్‌కు ఆనాడు అంతుపట్టలేదు. ఈనాటికీ జవాబు దొరకని ప్రశ్నే అది.

తలాస్ లోయకు వలసొచ్చి స్థిరపడ్డ జర్మన్ల పల్లెలో, మతపుస్తకాల కోసం సర్కారు చేసిన సోదాల తర్వాత సువార్త పుస్తకం ఒక్కటే మిగిలింది. అదీ దొరికిపోతే గతేమిటని సంఘపెద్ద కొర్నేలియుస్ కుట్టు విప్పి, ఇంటికొక ఆకు చొప్పున పంచిపెట్టాడు. ఎవరి ఆకు వారు కంఠతా పట్టాలి. ఆదివారం తలుపులు మూసుకుని కూర్చున్నప్పుడు వరసగా ఒప్పజెప్పాలి. ఆకు మాత్రం గడప దాటకూడదు. బడిలో నోరు జారతారని పిల్లల్ని ఆ కూటానికి రానిచ్చేవారు కాదు.

"మా ఇంటికొచ్చినవన్నీ ప్రభువు తాతముత్తాతల పేర్లే," అని ఉమ్మడి క్షేత్రం పాలశాలలో పొరుగావిడ వాపోయేది. "ఒప్పజెబుతుంటే జనాభా లెక్కలకు వచ్చినట్టుంటుంది."

"నయమే. నా ఆకులో పందుల మందంతా నీళ్లలో పడి చస్తుంది. మన క్షేత్రం చైర్మన్ చదివాడంటే నన్నే సంజాయిషీ అడుగుతాడు," అనేది యుస్తీనా.

యుస్తీనా లీస్బెత్‌కు ఆడపడుచు. భర్త గనిలో పోయాడు. మిగిలింది తొమ్మిదేళ్ల కూతురు అగనేతా. జర్మన్ నేర్పే బడి లేదు గనక యుస్తీనా కూతురికి అక్షరాలు ఆ ఆకు మీదే నేర్పింది. పందుల తర్వాత అందులో ఒక తండ్రి వస్తాడు. జబ్బుపడ్డ కూతురి కోసం ప్రభువు కాళ్ల మీద పడి, ఇంటికి తోడుకుపోతుంటాడు. దారిలో మనుషులు ఎదురొచ్చి, పిల్ల పోయింది, ఆయన్నింకా శ్రమపెట్టడమెందుకు అంటారు. ఆకు అక్కడికి అయిపోతుంది. ప్రభువు ఆ పిల్లను బతికించే తర్వాతి ఆకు లీస్బెత్ ఇంట్లో ఉంది.

ఆ చలికాలం అగనేతాకు మూత్రపిండాలు చెడి, జిల్లా ఆసుపత్రిలో చేర్చారు. వారం తిరక్కుండా యుస్తీనా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, నీ ఆకు ఒక్క పూటకివ్వు."

"ఎందుకే? కథ నీకు తెలిసిందేగా. చెప్పు దానికి."

"చెప్పాను. నా కోసం అల్లి చెబుతున్నావమ్మా, నీ కాగితంలో ఆ పిల్ల చచ్చిపోయిందిగా అంటోంది. దానికి నోటిమాట పనికిరాదుట. అచ్చులో తనే కూడబలుక్కుని చదవాలిట."

ఇలాంటి కాగితం ఒక్కటి దొరికినందుకే లీస్బెత్ భర్త మూడేళ్లు జైల్లో ఉండొచ్చాడు. ఆసుపత్రి గదిలో ఎనిమిది మంచాలు, ఎవరి కళ్లు ఎలాంటివో.

"మీ అన్నయ్యనడిగి రేపు చెబుతాలే," అంది లీస్బెత్.

ఆ రేపు ఇంకో రేపయింది. నాలుగోనాడు ఆమె భర్తతో చెప్పకుండానే ఆకు మడిచి మేజోడులో దోపుకుని, పాలలారీ ఎక్కింది. ఆసుపత్రి గదిలో అడుగు పెట్టేసరికి అగనేతా మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

సమాధి చేసిన మూడోనాడు లీస్బెత్ ఆడపడుచు ఇంటికి వెళ్లింది. యుస్తీనా వంటింటి కిటికీ దగ్గర తన ఆకు చదువుకుంటోంది. లీస్బెత్ రెండో ఆకు తీసి పక్కన పెట్టింది.

"ఇప్పుడెందుకు వదినా?"

"నువ్వైనా చదువుకుంటావని."

"నీ ఆకు కూడా నాకు నోటికొచ్చుగా." యుస్తీనా వేలు తన ఆకు ఆఖరి వరస మీద ఆగి ఉంది. "ఇన్నాళ్లూ పట్టించుకోలేదు గానీ, పిల్ల పోయిందని చెప్పాక కూడా ఆ తండ్రి ఇల్లు చేరేదాకా నడిచే ఉంటాడు కదా, ప్రభువు పక్కనే. ఎంత దూరమో నీ దాంట్లోనూ లేదు, నా దాంట్లోనూ లేదు. నేనిప్పుడు అక్కడున్నాను."

తిట్టినా బాగుండేదనిపించింది లీస్బెత్‌కు. ఆకు తీసుకోవాలో వదిలెయ్యాలో తెలియకపోయినా, చివరికి తీసుకునే వచ్చేసింది.

ఆదివారం కూటంలో పేర్లు అయ్యాయి, మిగతావారివీ అయ్యాయి. యుస్తీనా గొంతు ఎక్కడా తొణక్కుండా తన ఆకు చివరిదాకా చెప్పి ఆగింది. ఇక లీస్బెత్ వంతు.

ఆ పిల్ల లేచి నడిచిందన్న మాట ఈ తల్లి ముందు ఏ నోటితో పలకాలి?

"లీస్బెత్, నీదే," అన్నాడు కొర్నేలియుస్.

ఆమె నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. మరిచిపోయిందనుకున్నారో ఏమో, అందరూ తలలు వంచుకుని ఎదురుచూశారు. యుస్తీనా మెల్లగా మొదటి మాట అందించింది. మళ్లీ అందించింది. లీస్బెత్ తల అడ్డంగా ఊపింది.

తను ఎదుట ఉండగా ఆ మాట పైకి రాదని యుస్తీనాకు తెలిసింది. లేచి, తలగుడ్డ ముడి సరిచేసుకుని, బెంచీల మధ్య నుంచి నడిచి, మంచులోకి వెళ్లిపోయింది.