ఐసుపెట్టెలో ఓడ కేకు

మునిగిపోయిన ఓడల సంగతులు మీరు వినే ఉంటారు. తుఫానులో మునిగినవి, రాతికి కొట్టుకుని మునిగినవి. నా ఓడ మాత్రం అంతర్వేదిలో మా అక్కావాళ్ల హాల్లో, సీలింగ్ ఫ్యాను కింద, ముప్పై మంది చుట్టాలు కుర్చీలేసుకుని చూస్తుండగా మునగడం మొదలుపెట్టింది. దాన్ని కట్టిందీ నేనే, ముంచిందీ నేనే. ఎలాగో వరసగా చెబుతాను. నవ్వొస్తే మధ్యలోనే నవ్వేయండి, ఏమీ అనుకోను.

మాది రాజోలు. నాన్నకి సైకిల్ షాపు. నా చదువు పదో తరగతితో ఆగింది, ఆ తర్వాత చదువంతా ఫోన్లోనే. అందులో చూసి కేకులు నేర్చుకున్నాను. కుక్కర్లో ఇసక పోసి, విజిల్ తీసేసి, గుండ్రటి కేకు చేస్తాను. అప్పటికి నాలుగు చేశాను, నాలుగూ పొంగాయి. నాలుగు కేకులు పొంగితే మనిషికి ఎంత పొగరొస్తుందో తెలియాలంటే అప్పుడు నన్ను చూసి ఉండాల్సింది.

మా అక్కని అంతర్వేదిలో బోటున్నవాళ్లింట్లో ఇచ్చారు. బావగారు సముద్రం మీదకి చేపల వేటకి వెళ్తారు. వెళ్తే మూడు రోజులో, నాలుగు రోజులో. వాళ్లమ్మాయి మోక్షిత ఆరో పుట్టినరోజుకి ముందు నాకు ఫోన్ చేసింది.

"పిన్నీ, నాకు ఓడ కేకు కావాలి."

"ఓడెందుకే? గౌనేసుకున్న బొమ్మ కేకు చేసి పెడతాను."

"బొమ్మొద్దు. ఓడే. నాన్న బోటులాగుండాలి, కానీ ఇంకా పెద్దదవ్వాలి."

వెనకనుంచి అక్క గొంతు వినపడింది. "రౌండు కేకు చాలే సిరీ. లేనిపోనిది నెత్తిమీదెట్టుకోకు."

"నువ్వుండవే అక్కా! మీ అంతర్వేది రేవులో ఇలాంటి ఓడ ఇంతవరకు దిగలేదనిపిస్తాను చూడు" అన్నాను. నిజంగానే దిగలేదు. ఆ ఒక్క మాటా నిలబెట్టుకున్నాను.

మరో నాలుగు కేకులు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో క్రీము పట్టించి, కత్తి తీసుకుని చెక్కడం మొదలుపెట్టాను. ఫోన్లో ఆవిడెవరో రెండు నిమిషాల్లో చెక్కేసింది. నాకు ఎడమ పక్క లావుగా కనిపించింది. కోశాను. అప్పుడు కుడి పక్క లావైంది. అదీ కోశాను. మళ్లీ ఎడమది. దర్జీ దగ్గర పొడుగూ పొట్టీ సరిచేయించుకున్న పంట్లాంలాగా నా ఓడ చిక్కిపోతూ వచ్చింది. ఆ కోసిన ముక్కలన్నీ తింటూ కూర్చున్న మా అమ్మ అంది, "ఇంకాసేపు చెక్కితే తెడ్డు మిగుల్తాదే."

దాంతో కత్తి కిందపెట్టేశాను. పైన రెండంతస్తులు, ఒక పొగగొట్టం, కిటికీలకి రంగు బిళ్లలు పెట్టాను. స్తంభానికి కొబ్బరి ఈనె గుచ్చాను. తెరచాపలకి ఏం చేశానో తెలుసా? ఆత్రేయపురం నుంచి పూతరేకులు చుట్టే ఉత్త రేకులు తెప్పించి కట్టాను. తెల్లగా, పల్చగా, గాలికి రెపరెపలాడుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. చుట్టూ నీలం క్రీముతో సముద్రం పోశాను.

అక్కడితో ఆపేసి ఉంటే ఈ గొడవే లేదు. ముందు భాగం బోసిగా కనిపించింది. బావగారి బోటు పేరు గంగాభవాని. ఎర్ర క్రీముతో రెండు పక్కలా, తాటికాయంత అక్షరాలతో "గంగాభవాని" అని రాశాను. చదువు తక్కువైనా నా రాత ముత్యాల్లా ఉంటుంది. ఆ ముత్యాలే నా కొంప ముంచాయి.

పుట్టినరోజు శనివారమొచ్చింది. పొద్దున్నే ఆటోలో ఓడని ఒళ్లో పెట్టుకుని అంతర్వేది చేరాను. దారిలో ఎక్కడ స్పీడు బ్రేకరొచ్చినా, "నెమ్మదండీ, నెమ్మదండీ" అని అరుస్తూనే ఉన్నాను. ఆటో ఆయన చివరికి, "ఆయ్, పురిటికి తీసుకెళ్లినప్పుడు కూడా ఇంత నెమ్మదిగా వెళ్లలేదండి" అన్నాడు.

అక్క అత్తగారు, నాకూ అత్తయ్యగారే, కేకు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "బాగానే ఉంది గానీ, మావాడిది ఇంజిను బోటు కదే. తెరచాపెందుకెట్టేవు?"

"అందానికండి అత్తయ్యగారూ."

"అందానికైతే సరే."

బావగారు పదకొండుకల్లా వచ్చేస్తానన్నారు. పన్నెండింటికి కేకు కోయాలని అనుకున్నాం. పదకొండున్నరకి ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గోదారి సముద్రంలో కలిసే చోట ఇసక మేట వేసిందట. పోటొచ్చి నీళ్లు పెరిగితేగానీ బోటు లోపలికి రాదట. నాలుగవుతుందట. "పిల్లనేడిపించకండి, కోసేయండి" అని ఆయనే చెప్పారు.

సరేనని మోక్షిత చేతికి కత్తిచ్చాం. అందరం "హ్యాపీ బర్త్‌డే" ఎత్తుకున్నాం. కత్తి కేకుకి జానెడు దూరంలో ఉంది.

"ఆగండే!"

అత్తయ్యగారు. ఆవిడ పెద్దగా చదువుకోలేదు గానీ ఆ అయిదక్షరాలూ రోజూ రేవులో చూసేవే. "దీని మీద గంగాభవాని అని ఎవరే రాసింది?"

మెచ్చుకుంటున్నారనుకున్నాను. చూడండి నా తెలివి! "నేనేనండి" అన్నాను సిగ్గుపడుతూ.

"నా కొడుకు ఇంకా నీళ్ల మీదే ఉన్నాడు. వాడి బోటుని కత్తెట్టి కోత్తారా?"

"అదికాదండి, ఇది కేకు కదండీ..."

"పేరు కేకుదా?"

"పోనీ పేరు తుడిచేస్తానండి."

"తుడిచేత్తావా? వాడు గట్టెక్కకుండానే బోటు పేరు తుడిచేత్తావా?"

నేను అక్క వంక చూశాను. ఇలాంటివాటికి నవ్వేసే మనిషి అక్క. నవ్వలేదు. పిల్ల చేతిలోంచి కత్తి తీసుకుని గూట్లో పెట్టేసింది. అప్పుడర్థమైంది నేనేం చేశానో. మోక్షిత మాత్రం ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకుంది.

కోయకూడదు, సరే. కానీ క్రీముకి ఈ సంగతి తెలియదు కదా! మధ్యాహ్నం ఎండకి ముందు తెరచాపలు మెత్తబడి ఆరేసిన తువ్వాళ్లలా వేలాడాయి. తర్వాత పొగగొట్టం పక్కకి వాలింది. కొడుకు నీళ్ల మీద ఉండగా ఓడని కోయకూడదంటే, ఇక మునగనివ్వకూడదు కూడా కదా! చుట్టాల్లో ఉన్న పెదనాన్నగారొకాయన జీవితమంతా బోటు నడిపినవాడు. కుర్చీలోంచి లేచి కేకలు, "ఎడమేపు ఒరుగుతాందమ్మోయ్! అటేపు దన్నెట్టండి!"

నేను ఎడమవైపు చపాతీ కర్ర ఆనించాను. కుడివైపు ఒరిగింది.

"ఏదో ఒకటి చెయ్యవే తల్లీ" అన్నారు అత్తయ్యగారు.

ఫ్రిజ్‌లో పెడదామంటే స్తంభం పట్టలేదు. అప్పుడొచ్చింది నాకు ఆ మహత్తరమైన ఆలోచన. పెరట్లో చేపలు నిలవ చేసే పెద్ద ఐసుపెట్టె ఉంది.

"అక్కా, అది కడిగేరా?"

"కడిగేం. నిన్ననే."

ఇంకేం! ఓడని అందులోకి దించి, చుట్టూ ఐసు సర్ది, మూత వేసి, దాని మీద నేనే కూర్చున్నాను. బావగారొచ్చేదాకా లేవలేదు. ఎవరొచ్చి తీస్తారోనని భయం.

నాలుగున్నరకి బావగారొచ్చారు, మోకాళ్లదాకా తడిసిన లుంగీతో. అత్తయ్యగారు గుమ్మంలో ఆపి, "రెండు కాళ్లూ లోపలెట్టరా" అన్నారు. పెట్టారు. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలారు. అక్క వంటింట్లోకెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చింది. నేను ఓడని బయటికి తీశాను. ఒక అంతస్తు ఐసునీళ్లలో కలిసిపోయింది. పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

బావగారు వంగి చూశారు. "నా బోటు కన్నా దీనికే ఎక్కువ కష్టమొచ్చినట్టుందే!" సంగతంతా విన్నాక బొటనవేలితో గంగాభవానిని ఒక పక్క తుడిచి నాకేశారు, రెండో పక్కా తుడిచి మోక్షిత నోట్లో పెట్టారు. "అమ్మా, బోటు రేవులో కట్టేసేను. ఇది ఉత్త కేకు. ఇప్పుడు కోయనియ్యి."

కోశాం. తలా ఒక ముక్క పంచాను. మొదటి ముక్క కొరికారో లేదో, చందువ చేపలు, రొయ్యలు, వెనిల్లా అన్నీ కలిసి ఒకేసారి నోట్లోకొచ్చాయి. మూడు రోజులు చేపల మధ్యే ఉన్న బావగారికి మాత్రం ఏ వాసనా తెలియలేదు. "బాగుందే సిరీ, ఇంకో ముక్కెట్టు" అన్నారు.

అత్తయ్యగారు ముక్క నోటిదాకా తెచ్చి ఆపేశారు.

"తినండి అత్తయ్యగారూ. శనివారం మీరు నీచు ముట్టరని గుడ్డు కూడా వెయ్యలేదండి" అన్నాను గొప్పగా.

ఆవిడ ముక్కని మరోసారి వాసన చూసి, జాగ్రత్తగా పళ్లెంలో పెట్టి గిన్నె మూతేశారు. "నాది రేపటికుంచవే. ఆదివారం తింటాను."

అందుకని, అంతర్వేది నరసింహస్వామి సాక్షిగా, రెండు చేతులూ కడుక్కుని మరీ ఒట్టేస్తున్నాను. ఇకనుంచి నా చేత్తో గుండ్రటి కేకు తప్ప ఇంకే ఆకారమూ చెయ్యను. దాని మీద పుట్టినరోజు ఎవరిదో వాళ్ల పేరే రాస్తాను. ఐసు కావాల్సొస్తే గ్లాసులో వేసుకుని తాగుతాను.