కాఫీతో మింగిన మాత్ర

ఆ ఫిన్లాండ్ పల్లెల్లో క్రిస్మస్ ముందు పందిని కోయాలంటే కెర్టుకే కబురు వెళ్ళేది. మోచేతుల దాకా నెత్తురు పులుముకుని తిరిగే ఆ మనిషికి, కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నెత్తురు చాల్లేదు. నర్సు సైమీ ఐరన్ మాత్రలు ఇచ్చింది. మొగుడు ఉర్హో రోజూ పొద్దున్నే చిక్కటి కాఫీ, మాత్ర చేతికిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు. కాఫీ ఉండగా నీళ్ళతో మాత్ర మింగేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

ఓ రోజు కొట్టంలో కెర్టు చేతిలో పంది గొంతు తెగి, ఉర్హో పట్టుకున్న గిన్నెలోకి నెత్తురు చిమ్ముతుండగా సైమీ పరీక్ష ఫలితంతో వచ్చింది.

"రక్తం ఇంకా తగ్గిందమ్మా."

ఉర్హోకి ఒళ్ళు మండిపోయింది. "నేనటు తిరగ్గానే మాత్ర ఉమ్మేస్తున్నావా? నా బిడ్డని చంపుతావా?" అంటూ చెంప ఛెళ్ళుమనిపించాడు.

కెర్టు కత్తి ఎత్తింది. అంతలోనే కళ్ళు తిరిగి, కత్తి జారిపోయి, గోడకి చేరగిలబడింది.

సైమీ మధ్యలోకి దూకింది. "చేయి దించు, పశువా! అమ్మాయ్, మాత్ర దేంతో మింగుతున్నావు?"

"కాఫీతో. ఈయనే ఇస్తాడు."

"కాఫీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదే! ఇన్నాళ్ళూ దీని నెత్తురు తాగింది నువ్వే, ఉర్హో!"

ఉర్హో మర్నాటి నుంచి సైమీ చెప్పినట్టు మాత్రతో కాఫీ బదులు పుల్లటి ఎర్రపళ్ళ రసం తెచ్చేవాడు. కెర్టు అతని మొహం చూడకుండా తాగేది.

నెల తిరిగాక సైమీ రక్తం చూసి నవ్వింది. "పెరిగిందమ్మా!"

కెర్టు లేచి ఉర్హో చెంప మీద ఒక్కటిచ్చింది. అతను కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

"నిజమే, ఇనుము బాగా పట్టింది" అంది చెయ్యి విదుల్చుకుంటూ.