బారలతో కొలిచిన గది

మా రాయపూర్ కాలనీ తెలుగు సంఘానికి కార్యదర్శి ఒక రిటైరైన నర్సు. అందరం పిన్నిగారు అనేవాళ్లం. ఖాళీ గోడ కనిపిస్తే చాలు, ఆవిడ చేతులు బారచాపి కొలిచేవారు; పెళ్లింట్లోనైనా సరే. సంఘం పుస్తకాలు వాళ్లింట్లో ట్రంకుపెట్టెల్లో చెదలు పట్టిపోతున్నాయి మరి.

ఆ ఏడాది గ్రంథాలయ భవనాలకు ప్రభుత్వం నిధులిస్తోందని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని నయా రాయపూర్‌లోని సచివాలయానికి వెళ్లారు. ఎంత స్థలం కావాలని అధికారి అడిగాడు. పిన్నిగారు లేచి, ఆయన వెనక గోడను బారలతో కొలిచి, "బస్, ఇత్నా సాబ్" అన్నారు, ఇంత చాలన్నట్టు. ఆయన నవ్వుతూనే సంతకం పెట్టాడు.

గది లేచింది. ప్రారంభం రోజు చినుకులు పడుతున్నాయి. లోపల గోడల నిండా బీరువాలే. ఒక్క కుర్చీకి చోటు లేదు.

"మరి కూర్చునేదెక్కడ పిన్నీ?" అన్నాను.

"బయట మెట్లున్నాయిగా, ఆరామ్‌గా కూర్చో" అన్నారు, బీరువా అద్దం కొంగుతో తుడుస్తూ. "పుస్తకం తడిస్తే పాడైపోద్ది. మనమైతే తుడుచుకుంటే సరిపోద్ది."