మాస్టారి కాయ

ఒక కొబ్బరికాయ బరువు ఎంతుంటుంది? దాన్ని నేను పదేళ్ళకి పైగా మోస్తున్నాను. ఇంట్లో వాళ్ళకి తెలీదు. నాతో పనిచేసినవాళ్ళకి నిన్నటిదాకా తెలీదు. మీకూ చెబుతున్నాను, మీరు నా మొహం చూడలేరు కాబట్టి. ఎవరైనా చూస్తుంటే నేను నవ్వేస్తాను. నాకున్న జబ్బే అది.

నేను బందరు కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. ఆదివారాలు ఊళ్ళు తిరిగి మూఢనమ్మకాల గురించి మాట్లాడే చిన్న బృందం ఉండేది మాకు. బృందమంటే నిజానికి ఇద్దరమే. నేనూ, గుడివాడలో చెరువు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేసే రత్నకుమారి గారూ. ఆవిడది ఉన్నమాట మొహం మీదే అనేసే తత్వం. ప్రార్థన చేయించుకుని షుగరు బిళ్ళలు మానేసిన చుట్టం కోసం వాళ్ళ చర్చి పాస్టరు గారితోనే పోట్లాడిన మనిషి. ముదినేపల్లిలో ఒక పెద్దాయన్ని "ఆ తాయెత్తులో ఏముందో విప్పి చూద్దామా?" అని అడిగేశారు. ఆ రోజు మాకు టీ కూడా దొరకలేదు.

నేను వేరు. ఎదుటివాడి మొహం చిన్నబోతే తట్టుకోలేను. పిల్లల చదువులడిగి, ఇచ్చిన కాఫీ తాగి, మెల్లగా అసలు సంగతికి వచ్చేవాణ్ణి. చాలాసార్లు కాఫీ దగ్గరే ఆగిపోయేవాణ్ణి. అది నేను గమనించలేదా? గమనించాననే అనుకుంటాను.

నాగాయలంక దగ్గర సాంబయ్య గారని ఒక రొయ్యల రైతు. ముందు పంట తెగులొచ్చి మొత్తం పోయింది. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసుకోవాల్సిందే. నీళ్ళు చూడమని కబురు పెడితే ఇద్దరం వెళ్ళాం. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు చెరువు గట్టెక్కితే రొయ్యకి తెగులు తగులుతుందని అక్కడ నమ్మకం. నాచు తీసే ఆడకూలీలు నెలసరి వచ్చినా నోరు మూసుకుని పనిలోకి వచ్చేవాళ్ళు. ఎవరూ అడిగేవాళ్ళు కాదు, వాళ్ళూ చెప్పేవాళ్ళు కాదు. రత్నకుమారి గారు కొత్త మనిషి కాబట్టి సాంబయ్య గారు అడిగాడు, తల దించుకునే అడిగాడు పాపం: "అమ్మగారూ, ఏవనుకోకండి. తమరు బయట లేరు గదా?"

"ఉన్నానండీ. అయితే ఏంటి?" అని ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కేశారు. చెరువు చుట్టూ నడిచి నాలుగు మూలలా నీళ్ళు పట్టారు. రొయ్యలు పట్టే రోజున, పట్టుబడికి, మళ్ళీ వస్తాననీ, పంట బాగా వస్తే ఈ మాట ఇక ఏ ఆడమనిషినీ అడగనని ఒప్పుకోవాలనీ అన్నారు. కూలి ఆడవాళ్ళు నాచు తీయడం ఆపి చూశారు. వాళ్ళ మొహాలు నాకిప్పటికీ గుర్తే.

సాంబయ్య గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చూసింది వాటినే.

ఆవిడ అటు చివర ఉండగా ఆయన్ని మోటారు షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాను. కాస్త పసుపు నీళ్ళు చల్లి కాయ కొట్టుకోండి, మనసు కుదుటపడుతుంది, ఆవిడకి చెప్పకండి అన్నాను. ఆయన షెడ్డులో దేవుడి పటం దగ్గరున్న కాయ తెచ్చి, సైన్సు తెలిసినవారు, మీ చేత్తోనే కొట్టండి అన్నాడు. వద్దనొచ్చు. ఆ ఒక్కమాట అనడానికి ఏం పోయింది నాకు? కొట్టాను. ఆయన మొహం విప్పారింది. నాకు చాలా సంతోషంగా అనిపించింది, అది కూడా చెప్పాలి.

పంట బాగా వచ్చింది. నీళ్ళు ఆవిడ చెప్పినట్టు మార్చుకున్నారు, వేసిన రొయ్యపిల్ల విత్తనం మంచిది, అందుకు వచ్చింది. పట్టుబడి రోజున రత్నకుమారి గారు అందరి ముందూ నిలబడి, "ఆ రోజు నేను బయటుండే గట్టంతా తిరిగాను. మీ రొయ్యకేమైంది?" అని అడిగారు. మగవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కాయ సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయినట్టుంది, నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

తిరుగు బస్సు ఎక్కగానే ఆవిడ నా వైపు తిరిగారు.

"వాళ్ళెందుకు నవ్వారు మాస్టారూ?"

"ఊరికేనండీ. మీ ధైర్యం చూసి ముచ్చటపడి ఉంటారు."

"కాదు. అది ముచ్చట నవ్వు కాదు. నా మాట తీరే బాలేదేమో. మీరు చెబితే వింటారు, నేను చెబితే నవ్వుతారు."

"కాస్త మెత్తగా చెబితే మంచిదేనండీ," అన్నాను.

అన్నాను! నిజం నా నాలుక చివర ఉండగా, ఆవిడకే సలహా ఇచ్చాను. రెండు మూడు ఆదివారాలు మెత్తగా మాట్లాడ్డానికి ప్రయత్నించారు, చూడలేకపోయాను. తర్వాత రావడం మానేశారు. నేను మాత్రం తిరిగాను. మంచి మాస్టారని పేరు తెచ్చుకున్నాను. ఆవిడకి తలుపులు మూసినవాళ్ళకి ఆవిడేం చెప్పారో గుర్తుంది. నాకు కాఫీ ఇచ్చినవాళ్ళకి నేను గుర్తున్నాను, అంతే.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, ఎవరికీ నష్టం లేదు కదా, ఒక భయస్థుడికి ధైర్యం చెప్పాను కదా అని. కిందటి నెల ఏదో పనిమీద అటు వెళ్ళాను. గట్టు మొదట్లో ఒక అమ్మాయి కాయ కొడుతోంది. నాచు తీసే కూలీ. ఏమిటమ్మా అంటే, "మాస్టారి కాయండీ. బయటున్నోళ్ళు ఇది కొడితేగానీ గట్టెక్కనివ్వరు," అంది. ఏ మాస్టారమ్మా అని అడిగితే, ఎవరో బందరు కాలేజీ ఆయనంట, సైన్సు బాగా తెలిసినాయనంట అని చెప్పి, నీళ్ళలోకి దిగింది. పక్క చెరువుల్లోనూ ఇదే పద్ధతట. మునుపు నోరు మూసుకుని పని చేసుకున్నవాళ్ళు ఇప్పుడు ప్రతి నెలా ఊరందరికీ తెలిసేలా కాయ పట్టుకుని నిలబడాలి. కాయ తేలేని రోజున ఇంటికి వెళ్ళిపోవాలి. ఒక మూఢనమ్మకాన్ని పోగొట్టడానికి వెళ్ళి, ఇంకొకటి పెట్టి వచ్చాను. దానికి నా పేరే పెట్టారు.

మెత్తగా మాట్లాడటం తప్పా? ఇప్పటికీ తప్పనను. ఆవిడ కోపం వల్ల కొన్ని ఊళ్ళు మా చేయి జారాయి, అదీ నిజమే. కానీ నాది మెత్తదనం కాదు. మంచివాడిననిపించుకోవాలన్న ఆశ. దానికోసం ఆవిడ నిలబడ్డ నేలని ఆవిడ వెనకే తవ్వేశాను.

నిన్న రత్నకుమారి గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఇదే మాట ఆ గట్టు మీద వాళ్ళకి చెప్పారా అని మాత్రం అడిగారావిడ. లేదన్నాను. పెట్టేశారు. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు. అయినా రాత్రి నిద్ర పట్టింది.

రేపు పొద్దున బస్సుకి నాగాయలంక వెళ్తున్నాను. సాంబయ్య గారి ముందు, ఆ అమ్మాయి ముందు చెబుతాను. ఆ కాయలో ఏమీ లేదు, ఆ మాస్టారు నేనే, మీ మొహం చిన్నబోతుందని భయపడి కొట్టాను, ఇక ఎవరూ కొట్టొద్దు అని. వాళ్ళు నమ్మకపోవచ్చు. ఒకరినొకరు చూసుకుని, నన్ను చూసి మళ్ళీ నవ్వొచ్చు.

ఈసారి నేను నవ్వను.