మొర్రిగూడేన్ని మూడు మైళ్లు జరిపిన పటం

1978 మార్చిలో నేను హనుమకొండలో, పల్లెలకు బోర్లు వేయించే ఒక సర్కారీ కార్యాలయంలో ట్రేసరుగా చేరాను. పటాలు గీసే విభాగంలో అది అట్టడుగు మెట్టు. మా పైన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, ఆయన పైన ఇంజినీరు. ట్రేసరు సొంతంగా ఏమీ గీయకూడదు; ఉన్న పటాన్ని ఉన్నట్టు దించడమే పని. నా అక్షరాలు అచ్చు వేసినట్టు ఉంటాయని అందరూ అనేవాళ్లు. ఆ మాట విని విని నాకు కాస్త తలకెక్కింది కూడా.

మా దగ్గర రెండు రకాల పటాలు ఉండేవి. ఒకటి టోపోషీటు. అది రంగుల్లో అచ్చు వేసిన నిండు బొమ్మ. అడవి పచ్చగా, చెరువు నీలంగా, గుట్టలు గోధుమరంగు గీతల్లో ఉంటాయి. కానీ ఒక్కటే ప్రతి, అది బీరువాలో తాళం వేసి ఉంటుంది, ఫీల్డుకు ఇవ్వరు. పైగా దాన్ని భూతద్దంలో ఎంత పెద్దగా చూసినా కొత్తగా ఏమీ కనిపించదు, మరకలు తప్ప. రెండోది నేను చేసేది. టోపోషీటు మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి, పనికొచ్చే దారులు, వాగులు, ఊళ్లు మాత్రమే గీతలుగా, చుక్కలుగా దించి, అమ్మోనియా ఆవిరితో నకలు ప్రింటు తీసి ఇస్తాం. అది మడిచి జేబులో పెట్టుకోవచ్చు. గీతలే కాబట్టి కావలసినంత పెంచి మళ్లీ గీసినా స్పష్టంగానే ఉంటుంది. సిగ్నల్ లేని చోటికి వెళ్లేముందు ఫోనులో దించుకునే పటాల్లోనూ ఈ రెండు రకాలే ఉన్నాయని ఈమధ్య మా మేనల్లుడు నాకు పాఠం చెప్పబోయాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ మే నెలలో ఏటూరునాగారం అడవిలోని మొర్రిగూడేనికి బోరు మంజూరైంది. వానలు పడితే ఆ దారిలో లారీ దిగబడుతుంది, మళ్లీ దసరా దాకా బండి పోదు. గూడెం ఆడవాళ్లు మైలు దూరంలోని వాగులో చెలమలు తోడుకుని తాగుతున్నారు. అందుకని తొందర. బోరుబండి డ్రైవరు ఇస్మాయిల్ భాయ్ మా గదికి వచ్చాడు. ఏడాదిలో రిటైరయ్యే మనిషి, సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు.

"అమ్మా సుగుణా, ఈ సన్నక్షరాలు నా కండ్లకు ఆనుతలేవు. జర పెద్దగ గియ్యరాదూ" అన్నాడు.

పాంటోగ్రాఫ్ అని ఒక పరికరం ఉండేది. నాలుగు చెక్క పట్టీలు కీళ్లతో కలిసి ఉంటాయి. ఒక ముల్లును పాత గీత మీద నడిపిస్తే రెండో కొసన పెన్సిలు అదే గీతను రెట్టింపు సైజులో గీస్తుంది. రెండు రోజులు కూర్చుని పటం మొత్తం రెట్టింపు చేశాను. చివరికి కింది మూల గడిలో, పాత పటంలో ఉన్నది ఉన్నట్టు, నా అచ్చు అక్షరాలతో స్కేలు రాశాను: ఒక అంగుళానికి ఒక మైలు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఊళ్ల పేర్లు, ఉత్తరం గుర్తు సరిచూసి సంతకం పెట్టారు. నా గీతలను మెచ్చుకున్నారు కూడా.

అడవి దారిలో బోర్డులు ఉండవు. ఇస్మాయిల్ భాయ్ పద్ధతి ఏమిటంటే, పటంలో దారి వంపుల వెంట ఒక దారం పరిచి, దాన్ని అంగుళాల కొలబద్ద మీద కొలిచి, పటంలో రాసిన స్కేలు ప్రకారం మైళ్లు లెక్కగట్టి, వాటిని కిలోమీటర్లు చేసుకుని, లారీ మీటరు చూస్తూ పోవడం. పాతికేళ్లుగా ఆ దారం ఆయన్ని ఎక్కడా తప్పించలేదు.

పది రోజుల తర్వాత బోరు రిపోర్టు వచ్చింది. నూట ఎనభై అడుగుల్లో నీళ్లు పడ్డాయి. బోరు అందిందని ఊరి పెద్ద పెట్టిన సంతకం కింద ఊరి పేరు మాత్రం తునికిగూడెం అని ఉంది. అది ఆ ఏడాది జాబితాలోనే లేదు. మేము తలలు పట్టుకుని ఉండగానే మర్నాడు మొర్రిగూడెం నుంచి ఎర్రమ్మ అనే పెద్దావిడ బస్సెక్కి వచ్చి ఇంజినీరు గారి బల్ల ముందు నిలబడింది.

"మీ బోరుబండి మా ముందటికెల్లే పోయింది సారూ. మేం ఆగుమని చేతులూపినం. ఆళ్లు నవ్వుకుంట మాకే చేతులూపి పోయిండ్రు" అంది.

ఇంజినీరు గారు ఇస్మాయిల్ భాయ్‌ని పిలిపించారు. తునికిగూడెం వాళ్లు కోడికూర పెట్టిన సంగతి అప్పటికే ఇంజినీరు గారి చెవిన పడింది. విందుకు ఆశపడి బండి మళ్లించాడని మెమో టైపు చేయిస్తున్నారు. బోరు వేయాల్సిన చోట ముందే సున్నం పూసి పెట్టే గుర్తు రాయి లేకుండా బోరెలా వేశావని అడిగితే ఇస్మాయిల్ భాయ్ దాచకుండా చెప్పాడు: "రాయి కనవడలే సార్. మొర్రిగూడెం ఇదేనా అంటే, ఆ గూడెం ఈ గూడెం అంత ఒక్కటే గద అన్నరు. నా దారం గూడ ఆడికే వచ్చింది. కోడి తిన్నది నిజమే, గని బోరు వేసినంకనే తిన్న."

అని జేబులోంచి దారం తీసి పటం మీద పరిచాడు. రోడ్డు మీంచి అడవి దారిలోకి తిరిగే మలుపు నుంచి మొర్రిగూడెం దాకా సరిగ్గా ఆరు అంగుళాలు. అంటే ఆరు మైళ్లు. పక్క గదిలో ఆ మాట విని లేచి వచ్చాను. బీరువా తాళం అడిగి, టోపోషీటు తెచ్చి అదే దారం దాని మీద పెట్టాను. మూడే అంగుళాలు. పటాన్ని రెట్టింపు చేసి, స్కేలు మాత్రం పాతదే రాశాను. రెట్టింపు పటంలో అంగుళం అంటే అరమైలే.

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదేమో. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ ముసలాయన దారం చుట్టుకుంటూ, తన కళ్లనే అనుమానిస్తూ నిలబడ్డాడు. అది చూడలేకపోయాను. "తప్పు నాది సార్. స్కేలు నేనే తప్పు రాశాను" అన్నాను.

ఇంజినీరు గారు, నా వెనకే వచ్చిన హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ వైపు చూశారు. ఆయన పటాన్ని అటూ ఇటూ తిప్పి, "ఉత్తరం గుర్తు మాత్రం కరెక్టే సార్" అన్నారు. ఇస్మాయిల్ భాయ్‌తో సహా అందరం నవ్వేశాం. మెమో కాగితాన్ని టైపు మిషనులోంచి లాగేశారు. బోరుబండి అప్పుడు పాలంపేట దగ్గర మరో పనికి సిద్ధంగా ఉంది. దాన్ని వెనక్కి తిప్పమని ఆర్డరు రాసి, కొత్త పటం గీసి నన్నే దారి చూపించమన్నారు. మా ఆఫీసులో ట్రేసరు ఫీల్డుకు వెళ్లడం అదే మొదలు. ఆదివారం చర్చి మానేసి జీపెక్కుతావా అని మా అమ్మ గొణిగింది.

మలుపు దగ్గర జీపు మీటరు చూసుకుని బయలుదేరాం, వెనకే బోరుబండి. నేను మీటరు మీంచి కళ్లు తీయలేదు. అయిదు కిలోమీటర్లకు కాస్త ముందే ఎర్రమ్మ, ఇంకో పది మంది ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఈసారి చేతులు ఊపలేదు. సున్నపు రాయి అక్కడే ఉంది. మర్నాడు మధ్యాహ్నం మొదట బురద, తర్వాత తెల్లటి నీళ్లు చిమ్మాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తప్పెవరిదో ఇస్మాయిల్ భాయ్ చెప్పాడు కాబోలు, ఎర్రమ్మ తడి చేతులతో నా గడ్డం పట్టుకుంది. "నువ్వేనా బిడ్డా, మా గూడాన్ని తునికిగూడెం దాకా జరిపింది? అక్షరాలైతే మంచిగున్నయంట గని" అంది.

నాలుగు రోజులకు వాన పడి ఆ దారి మూసుకుపోయింది. మెమో చివరికి నాకే వచ్చింది. సంజాయిషీ ఒక్క వాక్యంలో రాసిచ్చాను. రెండు ఊళ్లకూ నీళ్లొచ్చాయి కనుక అది హెచ్చరికతో ముగిసింది.

ఆ తర్వాత నేను గీసిన ఏ పటం మీదా స్కేలును మాటల్లో రాయలేదు. కింద మైళ్ల గుర్తులతో ఒక చిన్న పట్టీ గీసేదాన్ని. పటం పెంచితే ఆ పట్టీ పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. రాసిన మాట మాత్రం అలాగే ఉండిపోయి, తెలియకుండానే అబద్ధమైపోతుంది. తర్వాత నా కింద పనిచేసిన ట్రేసర్లకు మొదటి రోజే ఈ సంగతి చెప్పేదాన్ని. అందంగా రాసిన తప్పును ఎవరూ సరిచూడరని కూడా చెప్పేదాన్ని.