గాలి లేని దర్జా

నిజామాబాద్‌లో టైల్స్ దుకాణం నడుపుకునే నాకు అంత పెద్ద కారు ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి జవాబు మాత్రం తయారుగా పెట్టుకున్నాను. సెకండ్ హ్యాండ్‌ది, హైదరాబాద్‌లో కొన్నాను. దానికి రన్‌ఫ్లాట్ టైర్లు. పక్కగోడలు మందంగా ఉంటాయి కాబట్టి గాలి పోయినా టైరు కూలబడదు, మెల్లగా ఇంకో ఎనభై కిలోమీటర్లు పోవచ్చు. అందుకే స్టెప్నీ ఉండదు. అమ్మినాయన ఈ సంగతి ఒక్కసారి చెప్పాడు. నేను ఊరంతా చెప్పాను. చెప్పేటప్పుడు ఆ ‘మెల్లగా’నూ ఆ ఎనభైనీ వదిలేశాను.

మా వైపు గాలి చూడడానికి మీటరు పెట్టేవాళ్లు తక్కువ, తన్ని చూస్తారు. లారీ డ్రైవర్ తంతాడు, చెరుకు ట్రాక్టర్ ఆయన తంతాడు, పెళ్లికి కారు అడగడానికి వచ్చిన చుట్టం కూడా రెండు తన్ని గాలి మంచిగుందంటాడు. నా కారులో టైరు బొమ్మతో పసుపుపచ్చ దీపం వెలిగిన రోజు నేనూ దిగి నాలుగింటినీ తన్నాను. నాలుగూ రాళ్లలా ఉన్నాయి. తప్పు దీపానిదేనని తేల్చి, మా ఆవిడ స్టిక్కర్ బొట్టు ఒకటి దాని మీద అతికించాను. ఆ బొట్టుతోనే భీమ్‌గల్ కూడా పోయి వచ్చాను.

అక్క వర్నిలో ఉంటుంది. బీడీలు చుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఇప్పుడు ఆమె రెండు కళ్లకూ శుక్లాలు. ఆకు కత్తిరించబోయి రెండుసార్లు వేలు కోసుకుంది. ఒకసారి బీపీ ఎక్కువుందని ఆపరేషన్ వాయిదా వేశారు. ఈసారి పది గంటలకల్లా నిజామాబాద్ ఆసుపత్రిలో ఉండకపోతే మళ్లీ ఎప్పుడో.

"నేను బస్సుల వస్త తియ్ తమ్మీ," అంది ఫోన్లో.

"నేను కారు కొన్నంక గూడ బస్సేందక్కా?" అన్నాను.

ఆ పొద్దున ఆమెను ఎక్కించుకుని, ముందున్న ట్రాక్టర్లన్నింటినీ దాటేస్తూ వచ్చాను. చూడలేని మనిషికి వేగం ఎందుకు చూపించానో నాకే తెలియదు.

"కారు ఒక్క దిక్కే గుంజుతున్నట్టు లేదా?" అంది.

"రోడ్డే గట్లున్నదక్కా."

మోస్రా దగ్గర కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఆ వెంటనే దడదడమంది. దిగి చూస్తే వెనక టైరు పక్కగోడ పేలికలై వేలాడుతోంది. ఎదురుగా ఉన్న పంక్చర్ దుకాణం ఆయన వచ్చి, "స్టెప్నీ తియ్యన్నా," అన్నాడు.

"ఉండదు. ఇది గాలి లేకున్నా ఉరుకుతది," అన్నాను, అప్పుడు కూడా.

"మరి ఉరికించు," అన్నాడాయన. తర్వాత టైరులో దిగిన మేకు చూపించాడు. "గిది ఇయ్యాలటిది కాదు. గిసొంటి టైరుకు తన్నితే ఏం తెలుస్తదన్నా? మీటరు పెట్టాలె."

అంతలో నిజామాబాద్ బస్సు వచ్చింది. బోర్డు కనబడక అక్క శబ్దానికి చెయ్యెత్తింది.

"కారు నేను సూస్త, నువ్వు గూడ పో అన్నా," అన్నాడు పంక్చర్ ఆయన.

నేను పోలేదు. అంత కారును రోడ్డు మీద ముక్కూమొహం తెలియని మనిషికి ఎలా అప్పగిస్తాను? కళ్లు సరిగా కనబడని అక్కను మాత్రం బస్సు నిండా ఉన్న ముక్కూమొహం తెలియని మనుషులకు అప్పగించాను. మెట్టు దొరకక కాలు గాలిలో ఆడిస్తుంటే కండక్టర్ ఆమె చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. కారును మోసుకెళ్లే బండి కోసం మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాను. సిగ్గుతో అక్కకు ఫోన్ కూడా చెయ్యలేదు.

రెండింటికి ఆమే చేసింది.

"ఆపరేషన్ అయ్యింది తమ్మీ. ఎంబడి ఎవరొచ్చిన్రని నర్సు ఒక్కతీర్గ అడుగుతుంటే, మా తమ్ముడొచ్చిండు, కింద కారు పెడుతుండని చెప్పిన."