పైడిరాజు గారు వద్దన్న పాఠం

2023 జూలై నెల. గాజువాక నుంచి ఆటోనగర్ వెళ్ళే రోడ్డులో, ఒక మందుల దుకాణం పై అంతస్తులోని రెండు గదుల్లో మా స్పోకెన్ ఇంగ్లీషు సంస్థ నడిచేది. అక్కడ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి నాకు పదకొండేళ్ళు. సాయంత్రం ఆరు గంటల బ్యాచ్‌లో అందరూ ఉద్యోగులే. జనరల్ షిఫ్టు దిగి, తల మీద హెల్మెట్ చార ఇంకా చెరగకుండానే తరగతికి వచ్చి కూర్చునేవారు.

నేను ప్రత్యేకంగా బోధించేది ఇడియమ్స్, అంటే ఇంగ్లీషు నుడికారాలు. ఒక్కొక్క పదానికీ అర్థం తెలిసినా మొత్తం మాట అందని వాడుకలు ఇవి. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే మంచినీళ్ళ ప్రాయం. ‘అండర్ ద వెదర్’ అంటే ఒంట్లో నలతగా ఉందని. ‘కటింగ్ కార్నర్స్’ అంటే చేయవలసిన దానిలో కొంత ఎగ్గొట్టి, తూతూమంత్రంగా పని ముగించడం. విదేశీ క్లయింట్లతో సమావేశాలు వీడియో కాల్‌లోకి మారిన తరువాత, మనవాళ్ళు సరిగ్గా ఇటువంటి మాటల దగ్గరే తడబడుతున్నారు. వ్యాకరణం కన్నా వీటి కోసమే నా దగ్గరకు ఎక్కువ మంది వచ్చేవారు.

పైడిరాజు గారూ అందుకే వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. భారీ ఇనుప నిర్మాణాలు తయారుచేసే ఒక ప్రైవేటు ఫాబ్రికేషన్ యార్డులో క్రేన్ సిగ్నల్‌మన్. క్రేన్ నడిపే ఆపరేటర్‌కు చాలాసార్లు కింద ఉన్న బరువు కనబడదు. ఎత్తమని, దించమని, ఆపమని కింద నిలబడి చేతి సంజ్ఞలతో చెప్పే వ్యక్తే సిగ్నల్‌మన్. ఆయన పదహారేళ్ళుగా ఆ పనే చేస్తున్నారు.

“లిఫ్టింగ్ సూపర్‌వైజర్ పోస్టు మేడం. రెండు సార్లు ఇంటర్వ్యూకెళ్ళాను, రెండు సార్లూ పోయింది. క్లయింటు పంపిన ఆ ఫారిన్ ఇంజినీరు ఏటో అంటాడు, నాను గుడ్లప్పగించి సూత్తాను. పని నాకు తెలుసు. ఆ మాటలే తెలీవు.”

ఆగస్టులో మూడో అవకాశం ఉంది. అదీ తప్పితే బయటివారిని తీసుకుంటామని యార్డు మేనేజరు చెప్పారట. పైడిరాజు గారి కాంట్రాక్టు సెప్టెంబరుతో ముగుస్తుంది. ఆ తరువాత గుజరాత్‌లో పని తప్ప మరొకటి లేదు.

“ముందోసారి రెండేళ్ళు పోయాను మేడం. తిరిగొచ్చేసరికి మా పాప నాతో మాట్లాడ్డం మానేసింది. ఇప్పుడిప్పుడే మాట్లాడతంది. మళ్ళీ ఒగ్గేసి పోలేను.”

ఆ అమ్మాయి అప్పుడు దువ్వాడలో ఇంటర్ చదువుతోంది. ఆయన ఈ మాటలు ఏ ఉద్రేకమూ లేకుండా, దరఖాస్తులో వివరాలు నింపుతున్నట్టు చెప్పారు. నేను కూడా అలాగే రాసుకున్నాను.

ఆయన నేర్చుకునే పద్ధతి నాకు కొత్త. ప్రతి నుడికారానికీ ఒక చేతి సంజ్ఞ వెతికేవారు. ‘కాల్ ఇట్ ఎ డే’ అంటే ఈ రోజుకు పని చాలించడమని నేను చెప్పగానే, రెండు చేతులూ ఛాతీ ముందు ఒకదానితో ఒకటి కలిపి పట్టుకున్నారు. పని ముగిసిందని క్రేన్ ఆపరేటర్‌కు చూపే సంజ్ఞ అదేనట. ‘కీప్ యాన్ ఐ ఆన్ ఇట్’ అంటే కనిపెట్టి ఉండమని. దానికి ఆయన రెండు వేళ్ళు కళ్ళ వైపు చూపించారు. పక్క బెంచీలో కూర్చునే సన్యాసిరావు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణం గుమాస్తా. పైడిరాజు గారిని బావా అని, ఆయన భార్యను అప్ప, అంటే అక్క అని వరస కలిపి పిలిచే అతను ఊరుకోలేదు.

“ఇంటికాడ మా అప్పకి కూడా సేతుల్తోనే సెప్తావేటి బావా?”

“మీ అప్పే సిగ్నలిత్తాది బావా. ఇంటికాడ నాను ఆపరేటర్ని.”

మూడు వారాల్లో ఆయన నూటికి పైగా నుడికారాలు నేర్చుకున్నారు. అయినా ఇంగ్లీషులో నుడికారాలకు అంతులేదు. ఎన్ని నేర్పినా, తెలియనిది ఒకటి ఎదురవుతుంది. ఆ సందర్భానికి నా దగ్గర ఒక సూత్రం సిద్ధంగా ఉండేది, పదకొండేళ్ళుగా ప్రతి బ్యాచ్‌కూ అదే చెప్పేదాన్ని. ముఖంలో తడబాటు కనబడనివ్వకండి. చిరునవ్వుతో ‘శ్యూర్ సర్’ అనండి. మిగిలిన మాటలను బట్టి అర్థం ఊహించుకోండి.

“తెలీకుండా సరే అనమంటారేటి మేడం?” అన్నారు పైడిరాజు గారు.

“ఇది యార్డు కాదండీ, ఇంటర్వ్యూ. తెలియదంటే అక్కడితో అయిపోతుంది.”

ఆయన పుస్తకంలో రాసుకున్నారు.

ఇంటర్వ్యూకు తొమ్మిది రోజుల ముందు, ఆదివారం ఉదయం, నమూనా ఇంటర్వ్యూ పెట్టాను. విదేశీ ఇంజినీరు స్థానంలో నేను కూర్చున్నాను. సన్యాసిరావు ప్రేక్షకుడు. మొదటి పది నిమిషాలు బాగా జరిగాయి. అప్పుడు, బరువు గాలిలో ఉండగా ఈదురుగాలి పెరిగితే ‘ప్లే ఇట్ బై ఇయర్’ చేస్తారా అని అడిగాను. కావాలనే తరగతిలో చెప్పని మాట వాడాను. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, నేను నేర్పినట్టే చిరునవ్వు నవ్వి, “శ్యూర్ సర్” అన్నారు.

మెచ్చుకుని, అర్థం వివరించాను. ముందుగా ఏదీ నిర్ణయించుకోకుండా, పరిస్థితిని బట్టి అప్పటికప్పుడు చూసుకోవడం.

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“అంటే, లోడు మీదుండగా గాలొత్తే, అప్పుడు సూసుకుందారి అని మీరన్నారు. దానికి నాను సరే అన్నాను.”

“ఇది ప్రాక్టీసే కదండీ. అసలు ఇంటర్వ్యూలో…”

“మా కాడ ఒక పద్ధతుంది మేడం. సిగ్నల్ అర్థం కాకపోతే ఆపరేటరు లివరు కదపడు. నాకర్థం కాకపోతే నాను సెయ్యెత్తను. అర్థం కాకుండా తలూపినోణ్ణి ఆ రోజే పక్కన పెట్టేత్తారు. మళ్ళీ సిగ్నలియ్యనివ్వరు. కింద మనుషులుంటారు.” పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. “మిగతావన్నీ నేర్చుకుంటాను. ఈ పాఠం నాకొద్దు.”



నా సూత్రం ఎక్కడ నుంచి వచ్చిందో ఇక్కడ చెప్పాలి. ఎలమంచిలి దగ్గర ఒక పల్లెలో, మా కుటుంబంలో డిగ్రీ వరకు చదివినదాన్ని నేనే. విశాఖలో కాలేజీలో చేరిన తొలి ఏడాది లెక్చరర్లు చెప్పే ఇంగ్లీషులో సగం నాకు అందేది కాదు. అడిగితే నవ్వుతారని భయపడి, అందరితో పాటు తల ఊపాను. ఆ ఊపుతోనే డిగ్రీ, తరువాత బీఈడీ, ఆ తరువాత ఈ ఉద్యోగం. నన్ను గట్టెక్కించింది కనుక అదే సరైన దారి అనుకున్నాను. అది నైపుణ్యం కాదనీ, భయమనీ ఎవరూ నాతో అనలేదు. అంతవరకు.

మంగళవారం తరగతిలో నల్లబల్ల మీద ఒక వాక్యం రాశాను: ‘ఐ డోంట్ నో దట్ ఎక్స్‌ప్రెషన్. ప్లీజ్ సే ఇట్ ఇన్ ప్లెయిన్ వర్డ్స్.’ ఆ మాట నాకు తెలియదు, మామూలు మాటల్లో చెప్పండి అని దాని అర్థం. అందరి చేత పలికించాలని ముందు నేను పలికాను. రెండో మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అంత తేలికైన వాక్యాన్ని నా జీవితంలో అంతకు ముందు ఎవరి ఎదుటా అనలేదని అప్పుడు గుర్తించాను. పైడిరాజు గారు మాత్రం ఒక్కసారికే పలికారు. మిగిలిన వారం రోజులూ మేమిద్దరం దాన్ని వేగం తగ్గించి, తల వంచకుండా, క్షమాపణ ధ్వని లేకుండా అనడం సాధన చేశాం.

ఇంటర్వ్యూ అయిన సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

“నాలుగు సార్లు అడిగాను మేడం, ప్లెయిన్ వర్డ్స్ అని. రెండో సారికి ఆయన మొహం మాడ్చుకున్నాడు. మా మేనేజరు బల్ల కింద నా కాలు తొక్కాడు.”

“మరి మీరు?”

“కాలు తీసి పక్కన పెట్టుకున్నాను. మూడో సారికి ఆయనే నెమ్మదిగా మాట్లాడ్డం మొదలెట్టాడు. ఆఖర్న ‘ఆర్ వుయ్ ఆన్ ద సేమ్ పేజ్’ అన్నాడు. అది మీరు సెప్పిందే కదా. యస్ సర్ అని ఊరుకోలేదు. ఆయన సెప్పిన, లోడెత్తే లిఫ్టు ప్లాను మొదట్నుంచి మళ్ళీ ఆయనకే సెప్పాను. తప్పుంటే ఆపమన్నాను. ఒక దగ్గర ఆపాడు. దిద్దుకున్నాను.”

ఇద్దరికీ ఒకటే అర్థమైందా అని ఆ నుడికారం అడుగుతుంది. అవునని చెబితే చాలునని నేను నేర్పాను. అర్థమైనది తిరిగి చెప్పి సరిచూసుకోవడం ఆయన తన పనిలోంచి తెచ్చుకున్నారు.

పన్నెండు రోజుల తరువాత ఫలితం వచ్చింది. ఆరు నెలల ప్రొబేషన్ మీద సూపర్‌వైజర్‌గా తీసుకున్నారు. మిఠాయి పొట్లంతో వచ్చిన రోజు ఆయన వెనుక మెట్ల మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. దువ్వాడ నుంచి బస్సు దిగి, నాన్నతో కలిసి వచ్చిందట. దారి పొడవునా కాలేజీ సంగతులు చెబుతూనే ఉందని ఆయన నాతో అన్నారు.

అప్పటి నుంచి నా తరగతుల్లో మొదటి రోజు ఏ నుడికారమూ ఉండదు. ఆ ఒక్క వాక్యమే చెప్పిస్తాను. రెండు వందల నుడికారాలు కంఠస్థం చేయడానికి వెనుకాడని వారు దాని దగ్గర తల దించుకుంటారు. పట్టుదలగా పలికించి గానీ ముందుకు వెళ్ళను. తెలియదని తెలియనివ్వకుండా బతకడమే చదువని నేను పదిహేనేళ్ళకు పైగా అనుకున్నాను. మేనేజరు కాలు తొక్కుతుండగా, పైడిరాజు గారు తెలియదని నాలుగు సార్లు చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నారు.